మేడ మీద స్ట్రాబెర్రీ వేస్తానన్న చిన్నాకి

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ దీవెనలు.

స్ట్రాబెర్రీ విత్తనాలు ఆన్‌లైన్‌లో చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. కొనకు. నీలం పండు బొమ్మ వేసి అమ్మేవైతే వట్టి మోసం, ఆ రంగు స్ట్రాబెర్రీ లేనే లేదు. అసలువే దొరికినా తల్లిమొక్క గుణం రాదు. మనం తినేది అమెరికా జాతీ చిలీ జాతీ కలిసి 1750ల ప్రాంతంలో ఫ్రాన్స్ తోటల్లో పుట్టిన సంకరం మరి. అందుకే అందరూ తీగలకి వేళ్లూనిన పిలకలే నాటుతారు. వింటర్ డాన్ రకం దొరికితే తీసుకో. నర్సరీలో పసుపు పువ్వున్న మొక్క అంటగడితే వద్దను. అదీ గులాబీ కుటుంబమే, ఎర్రటి పండూ కాస్తుంది, రుచే ఉండదు.

లంబసింగి చలి మన విశాఖకి రాదు. డిసెంబరు, జనవరి రాత్రులే స్ట్రాబెర్రీకి దిక్కు. అలాగని తొందరపడి వానల్లో నాటకు. హుద్‌హుద్ తుఫాను వచ్చింది అక్టోబరు 12న, గుర్తుంది కదా! నవంబరులో వాన తెరిపిచ్చాక నాటు.

నాటడంలోనే ఉంది అంతా. ఆకులు పుట్టే మొదలు సరిగ్గా మట్టి మట్టానికి ఉండాలి. పూడితే కుళ్లుతుంది, పైకి తేలితే వేళ్లు ఎండుతాయి. ఉప్పంటే ఈ మొక్కకి అస్సలు పడదు. మీ ఇల్లేమో బీచ్ పక్క. బోరు నీళ్లు నాలిక మీద వేసుకుని చూడు, ఉప్పదనం తగిలితే కుళాయి నీళ్లే పొయ్యి. కొబ్బరిపొట్టులోనూ ఉప్పుంటుంది, రెండు మూడుసార్లు కడిగి కలుపు. ఆకుల అంచులు మాడాయంటే ముందు ఉప్పునే అనుమానించు, ఎరువు గుప్పించకు.

పండు మీద గింజల్లా కనిపించేవే అసలు కాయలు. పుప్పొడి అందని చోట కండ పెరగదు, పండు వంకరపోతుంది. మీ నాలుగో అంతస్తుకి తేనెటీగలు రాకపోతే మెత్తని బ్రష్‌తో పువ్వు మధ్య తిప్పు. పండు తడిమట్టికి తగలకుండా కింద ఎండుగడ్డి పరుచు. పికిలిపిట్టలు నీకంటే ముందు లేస్తాయి, వల కట్టు. కోశాక తీపెక్కే పండు కాదిది, పూర్తిగా ఎర్రబడేదాకా ఆగి పొద్దున్నే తొడిమతో కొయ్యి.

ఎండలు ముదిరితే మొక్కలు వాడతాయి. వాటికి గొడుగులు పట్టి కాపలా కాయొద్దు. పీకేసి ఆ కుండీల్లోనే తోటకూర చల్లు. విత్తనాలు నేను పంపిస్తాను.

మీ పెద్దమ్మ