అప్ అంటే ‘పైకి’ ఒక్కటే కాదు

ప్రశ్న: ఐఈఎల్‌టీఎస్‌కి ప్రిపేర్ అవుతున్నాను. ఫ్రేజల్ వెర్బ్స్ (క్రియ పక్కన అప్, అవుట్ లాంటి చిన్న మాట చేరి వేరే అర్థం ఇచ్చేవి) లిస్టు ఒకటి దొరికితే వరసగా బట్టీ పడుతున్నా, పొద్దున చదివింది సాయంత్రానికి గుర్తుండటం లేదు. ఒకే పార్టికల్ (ఆ చిన్న మాట) ఉన్నవన్నీ కలిపి చదవమని కోచింగ్‌లో చెప్పారు. సరేనని అప్‌తో మొదలుపెట్టా. అప్ అంటే పైకి కదా మేడమ్, యూజ్ అప్‌లో, షో అప్‌లో, బాటిల్ అప్‌లో పైకి ఏముంది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కలిపి చదవమన్నది మంచి సలహానే, కాకపోతే సగమే చెప్పారు. అప్ ఉన్నవన్నీ తెచ్చి ఒకే కుప్ప పోస్తే మళ్లీ బట్టీయే అవుతుంది. ఆ కుప్పలోంచి అర్థాన్ని బట్టి చిన్న చిన్న గుంపులు తీయాలి.

పని పూర్తిగా అయిపోయిందని చెప్పే అప్ మనకు కొత్తేమీ కాదు. తిను వేరు, తినేయ్ వేరు కదా. కంచంలో ఏమీ మిగల్చకుండా తినమని పిల్లలకు చెప్పాలంటే మనం తినేయ్ అంటాం, ఇంగ్లిష్ వాళ్లు ఈట్ అప్ అంటారు. ఉన్న డేటా అంతా వాడేశాను అంటే యూజ్డ్ అప్. చెరువు ఎండిపోయింది అంటే డ్రైడ్ అప్. మన ‘ఏయ్’, ‘పో’ చేసే పనే అక్కడ అప్ చేస్తోంది. అలాగని ప్రతి ‘ఏశాను’కీ అప్ తగిలించకండి, చెప్పేశాను అనడానికి టోల్డ్ అప్ అంటే ఎవరికీ అర్థం కాదు.

ఇంకో గుంపు, ప్రత్యక్షమవడం. షో అప్, టర్న్ అప్, క్రాప్ అప్ ఇందులోవే, కానీ ఎక్కడ పడితే అక్కడ మార్చి వాడలేం. రాడేమో అనుకున్న మనిషి పెళ్లికి వస్తే షో అప్ అన్నా, టర్న్ అప్ అన్నా సరిపోతుంది. ఇల్లంతా వెతికి వదిలేసిన తాళాలు ఏ సోఫా కిందో కనపడితే టర్న్ అప్ బాగా కుదురుతుంది. క్రాప్ అప్ అయ్యేవి మాత్రం సమస్యలు, అనుకోని పనులు, మాటల మధ్యలో దొర్లే పేర్లు. ‘సంథింగ్ క్రాప్డ్ అప్ ఎట్ వర్క్’ అని మెసేజ్ వచ్చిందంటే ఆఫీసులో ఏదో పని తగిలింది, రాలేకపోతున్నా అని. అందుకే నోట్సులో క్రాప్ అప్ పక్కన ‘ఎదురవడం’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి, ఏది క్రాప్ అప్ అవుతుందో ఆ వాక్యం మొత్తం రాసుకోండి.

మీరడిగిన బాటిల్ అప్‌ది మూసేసే గుంపు. కోపం, బాధ బయటపెట్టకుండా లోపలే దాచుకోవడం. అడగ్గానే నోరు మెదపకుండా కూర్చోవడం క్లామ్ అప్, షట్ అప్ సంగతి చెప్పక్కర్లేదు. స్పీడ్ అప్, స్టెప్ అప్ లాంటివి పెరగడం గురించి, వాటికి టెన్షన్ పడే పనే లేదు. ఏ గుంపులోనూ ఇమడనివీ ఉంటాయి. మేక్ అప్ అంటే లేని కథ అల్లడం, గొడవపడ్డవాళ్లు కలిసిపోవడం, ఇంకా ఏవేవో. వాటిని బలవంతంగా ఇరికించకుండా విడిగా నేర్చుకోండి.

పరీక్షలో మార్కులు పోయే చోటు ఇంకొకటుంది. యూజ్ అప్ ద డేటా, యూజ్ ద డేటా అప్ రెండూ ఒప్పే, కానీ ఇట్ వచ్చిందంటే మధ్యలోకే రావాలి, యూజ్ ఇట్ అప్. స్పీకింగ్‌లో ఇవన్నీ ధైర్యంగా వాడండి. వ్యాసంలో మాత్రం క్రాప్ అప్ కంటే ఎరైజ్ నయం.

ప్రశ్న: ఫామ్ ‘ఫిల్ అప్’ చేయమనడం తప్పని మా అబ్బాయి అంటున్నాడు, నిజమేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మన దగ్గర ఎవరూ తప్పు పట్టరు, అందరూ అలాగే అంటారు. బ్రిటన్‌లో ఎక్కువగా ఫిల్ ఇన్, అమెరికాలో ఫిల్ అవుట్. అక్కడ ఫిల్ అప్ అంటే ముందు గుర్తొచ్చేది పెట్రోలు ట్యాంకు. మీ అబ్బాయి అమెరికా వెళ్లే ఆలోచనలో ఉంటే ఫిల్ అవుట్ అలవాటు చేసుకోమనండి, మిమ్మల్ని దిద్దే పని మాత్రం మానేయమనండి.