ఫైబర్ బోటు పాలిష్: అడుగు లెక్కన ధర చెప్పొచ్చా?

ప్రశ్న: కార్లకు రబ్బింగ్, పాలిష్ చేసే షాపు నాది. నాగార్జునసాగర్ దగ్గర ఒకాయన 20 అడుగుల ఫైబర్ బోటు ఎండకు తెల్లబడింది. అడుగుకు ఎంతో చెప్పమంటున్నారు. ఏ లెక్కన చెప్పాలి?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: బోటు చూడకుండా ఫోన్‌లో ధర చెప్పకండి. 20 అడుగుల బోటుకు పక్క గోడ ఎత్తు రెండున్నర అడుగులైతే రెండు పక్కలా కలిపి 100 చదరపు అడుగులు. అదే పొడవుకు ఎత్తు 4 అడుగులైతే 160. పొడవు మారలేదు, పని ఒకటిన్నర రెట్లు దాటింది. టేపు పట్టుకుని వెళ్లండి. వెనక గోడకు ఇంకో 15 కలపండి. లోపలి డెక్ ధర వేరుగా చెప్పండి. అక్కడి గరుకు నేలను బఫింగ్ (మెషిన్ ప్యాడ్‌తో రుద్ది మెరిపించడం) చేయకూడదు, జారి పడతారు.

తర్వాత పాడైన లోతు చూడాలి. సబ్బుతో కడిగి ఆరాక వేలితో రుద్దితే సుద్దలా అంటుతుంది. తడి చేయగానే అసలు రంగు కనిపిస్తే కాంపౌండ్‌తో (పై పొరను రుద్ది తీసే పేస్టు) తేరుకునే అవకాశం ఎక్కువ. తడిపినా మచ్చలు మచ్చలుగానే ఉంటే జెల్‌కోట్ (ఫైబర్ మీద ఉండే రంగు పొర) అరిగిపోయి ఉండొచ్చు. కనబడని మూల థిన్నర్ గుడ్డతో తుడవండి. రంగు మెత్తబడి ఊడి వస్తే అది జెల్‌కోట్ కాదు, పైన వేసిన మామూలు పెయింట్. దానికి ఈ రేటు, ఈ పద్ధతి రెండూ పనికిరావు.

ఇక అసలు పరీక్ష. 2 అడుగుల చదరానికి టేపు వేసి ఊలు ప్యాడ్, హెవీ కాంపౌండ్‌తో చేసి చూడండి. మెరుపు రాకపోతే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) తప్పదు: 800, 1000, 1500 నంబర్లు వరసగా తడిగా తీసి, మళ్లీ కాంపౌండ్, చివరికి ఫోమ్ ప్యాడ్‌తో పాలిష్. మధ్యలో ఒక నంబరు దాటేస్తే గీతలు ఎండలో బయటపడతాయి. అంచుల దగ్గర జెల్‌కోట్ పలచన, అక్కడ మెషిన్ నిలపకండి. పొర పోయి ఫైబర్ కనిపించిందంటే ఆ రిపేరు ఖర్చు మీదే. కాంపౌండ్ ఎండలో ఇట్టే ఎండిపోతుంది కాబట్టి నీడలో, లేదా పొద్దున్నే చేయండి.

వేగం అందాజుగా: కాంపౌండ్, పాలిష్ రెండూ అయితే మనిషికి గంటకు 12 చదరపు అడుగులు, వాటర్ పేపర్ కూడా పడితే 6. మన 115 చదరపు అడుగులకు ఆ రెండోదే అనుకుంటే 19 గంటలు దాటుతుంది. కడగడం, టేపు, వ్యాక్స్ కలిపి 24. గంటకు మీ కూలి 250 పెట్టుకుంటే 6,000. కాంపౌండ్, ప్యాడ్లు, పేపర్లు 2,500, ప్రయాణం, జనరేటర్ 1,500 అనుకోండి. మొత్తం 10,000. పొర పోయే ప్రమాదానికి, లాభానికి పావు వంతు వేస్తే 12,500. ఇవి ఉదాహరణ అంకెలే, మీ బిల్లులు పెట్టి మార్చుకోండి. ఆయన అడుగు లెక్కే కావాలంటే 20తో భాగించి 625 చెప్పండి, కానీ కాగితం మీద చదరపు అడుగులే రాయండి.

రబ్బింగ్ నీళ్లు జలాశయంలోకి పోనీయొద్దు. హైదరాబాద్‌కు తాగునీరు అక్కడి నుంచి కూడా వెళ్తుంది. బోటును ఒడ్డుకు, పై గట్టుకు తెప్పించే బాధ్యత యజమానిదని ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: పాలిష్ చేసిన 2 నెలలకే బోటు మళ్లీ తెల్లబడిందని డబ్బులు తిరిగి ఇమ్మంటున్నారు. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, కొల్లాపూర్

జవాబు: నూనె ఎక్కువున్న పాలిష్‌తో గీతలు కప్పి ఉంటారు. నూనె కరిగిపోయాక పాత తెలుపే తేలుతుంది. కాంపౌండ్ అయ్యాక పాలిష్ ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లతో సగం సగం కలిపి తుడవండి. మెరుపు నిలిస్తేనే ముందుకెళ్లాలి. అలా చేశారనుకుంటే, తప్పు వ్యాక్స్ దగ్గర. మన ఎండకు వ్యాక్స్ కొన్ని నెలలకు మించి ఉండదు, తిరిగి వేయడానికి ధర ముందే చెప్పాల్సింది. నీటి గీత దగ్గర మాత్రమే తెల్లగా ఉంటే అది నీళ్లలోని సున్నం లాంటి లవణాల మచ్చ కావచ్చు. తెల్ల వెనిగర్ తడిపిన గుడ్డ పది నిమిషాలు పెట్టి కడిగితే పోతుంది, దానికి డబ్బు తిరిగి ఇవ్వక్కర్లేదు.