మంచు పడని ఊళ్ళో చలికాలం కథ: పాత చర్చి చెక్కడాలు ఎలా పనికొస్తాయి?

మీరు అడిగినవి రెండు. విశాఖపట్నంలో మంచు పడదు కదా, చలికాలం కథలో పాత చర్చిని పెడితే నమ్ముతారా అని ఒకటి. ద్రాక్షతీగ, గూడబాతు (పెలికన్), నోట్లోంచి ఆకులొచ్చే మొహం లాంటి చెక్కడాల్లో దేనికి ఏ అర్థమో పట్టిక ఏదైనా ఉందా అని రెండోది. పట్టికలు నెట్‌లో బోలెడున్నాయి. వాటిని పక్కన పెట్టుకుని రాసిన కథలు కూడా బోలెడు చదివాను, అందుకే వాటి జోలికి తర్వాత వస్తాను.

మా నాన్న వడ్రంగి. మేముండేది విశాఖ వన్‌టౌన్‌లో. చర్చిల్లో బెంచీలు, కిటికీ రెక్కలు, మెట్ల కమ్మీలు బాగుచేసే పని ఆయనకి తరచుగా వచ్చేది. బడి లేని రోజుల్లో నేనూ వెంటపడి గరుకు కాగితం పట్టేదాన్ని. ఇప్పుడు కథలు రాస్తాను. నాలాంటివాళ్ళం కొందరం అప్పుడప్పుడూ కూర్చుని ఒకరివి ఒకరం చదువుకుంటాం. డిసెంబరు వచ్చిందంటే ఎవరో ఒకరు క్రిస్మస్ కథ తెస్తారు. అందులో కిటికీ అద్దాల మీద మంచు, మూల నిప్పుగూడు. జగదాంబ సెంటర్లో ఆటో దిగిన మనిషి నోట్లోంచి పొగలు! మన ఊళ్ళో డిసెంబరు రాత్రి ఏ 17, 18 డిగ్రీలకో దిగితేనే దుప్పటి వెతుక్కుంటాం. నోట్లోంచి ఆవిరే కావాలనుకుంటే ఆ పాత్రని లంబసింగి బస్సెక్కించండి.

విశాఖలో చలికాలాన్ని ఒంటికంటే ముందు కన్ను పట్టుకుంటుంది. మన ఊరు భూమధ్యరేఖకి ఉత్తరంగా దాదాపు 17.7 డిగ్రీల దగ్గర ఉంది. జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నిజానికి కాస్త ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా 49 డిగ్రీల ఎత్తు దాటడు. రోజంతా దక్షిణపు వాలులోనే నడుస్తాడు. పాత చర్చిలు చాలావరకు బలిపీఠం తూర్పున వచ్చేలా కట్టేవారు కాబట్టి పొడుగాటి గోడ ఒకటి దక్షిణానికి తిరిగి ఉంటుంది. నడివేసవిలో ఆ గోడ కిటికీల్లోంచి సూటిగా ఎండ పడదు. చలికాలంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏటవాలుగా లోపలికి వచ్చి, బెంచీల మీంచి జరుగుతూ అవతలి గోడ దాకా పోతుంది.

చెక్కడం చదవాలంటే ఈ ఏటవాలు వెలుతురే కావాలి. అరంగుళం లోతు కూడా ఉండని నగిషీ మీద ఎండ ఎదురుగా పడితే అంతా చదునుగా కనిపిస్తుంది. పక్కనుంచి పడితే ప్రతి ఉలిగాటుకీ నీడ వస్తుంది. ఏడాది పొడుగునా మాసిన చెక్కలా ఉండే పలక డిసెంబరులో, జనవరిలో బొమ్మగా తేలుతుంది. మీ కథకి చలికాలం ఎందుకు కావాలని ఎవరైనా అడిగితే, నేనైతే ఇదొక్కటి చూపిస్తాను. ఆ బొమ్మ కనిపించేది అప్పుడే కాబట్టి.

నా కళ్ళతో చూసిందొకటి చెప్తాను, చర్చి పేరు వదిలేస్తాను. పుల్పిట్ (పాస్టరు నిలబడి ప్రసంగించే పీఠం) ముందు పలక మీద ద్రాక్షగుత్తులు, తీగలు. యోహాను సువార్త 15వ అధ్యాయంలో యేసు తనని ద్రాక్షావల్లితో పోల్చుకుంటాడు కదా, చర్చిల్లో ద్రాక్షతీగ అందుకే అన్ని చోట్లా ఉంటుంది. క్రిస్మస్ ముందు పాలిష్ పని జరుగుతోంది. నేను కింద కూర్చుని ఆకు ఈనెల్లో అడుగుపట్టిన పాత వార్నిష్ గీకుతున్నాను. కిటికీలోంచి ఎండ పలక మీదికి జరిగేసరికి ఆకు పక్కనుంచి పుట్టిన నులితీగ నీడ సన్నగా, స్ప్రింగులా పడింది. నాన్న వంగి చూసి నవ్వేడు. "ద్రాచ్చపాదు ఆడెక్కడ సూసుంటాడే. పెరట్లో దొండపాదు సూసి సెక్కేసేడు" అన్నాడు.

నిజమే. ద్రాక్షకి నులితీగ ఆకుకి ఎదురువైపు కణుపులోంచి వస్తుంది, కొస రెండుగా చీలుతుంది. దొండకి ఆకు మొదట్లోనే పుట్టి, చీలకుండా ఒంటిగా మెలిక తిరుగుతుంది. కాయల దగ్గర మాత్రం చెక్కినవాడు గుండ్రంగా గుత్తి కట్టి దొరగారి నమూనా తప్పకుండా చూసుకున్నాడు. ఆకు, తీగ దగ్గరికొచ్చేసరికి చేతికి తెలిసిందే వచ్చేసింది. అక్కడ కూలికి పనిచేసిన మన వడ్రంగి ఎవరో ఉన్నాడు. పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు.

మీ కథలో ద్రాక్ష అంటే క్రీస్తు అని పాత్ర చేత చెప్పిస్తే పాఠకుడు తలూపి పేజీ తిప్పేస్తాడు. ఆ పలకలో దొండపాదుని గుర్తుపట్టే మనిషిని పెట్టండి. కూరగాయలమ్మే ఆవిడైనా సరే, కొత్తగా పెళ్ళై ఆ చర్చికి వచ్చిన కోడలైనా సరే. ఆమెకి బైబిలు అర్థం తెలియాల్సిన పని కూడా లేదు.

వెలుతురు తర్వాత చెక్క. వానాకాలంలో గాలిలో తేమకి టేకు కూడా ఉబ్బుతుంది. తలుపులు పట్టేస్తాయి, సొరుగులు బిగుసుకుంటాయి. డిసెంబరు దాటి ఉత్తరపు గాలి పొడిగా తిరిగాక అదే చెక్క సన్నబడుతుంది, పలకల మధ్య అతుకులు విడతాయి. బొమ్మ రెండు పలకల మీద సగం సగం చెక్కి ఉంటే ఆ చీలిక సరిగ్గా మొహం మధ్యలోంచి పోవచ్చు. ఆగస్టులో మూసుకుని ఉన్న దేవదూత జనవరిలో రెండు ముక్కలు! దీన్ని ఒక్క వాక్యంలో పెట్టినా చాలు, కాలం మారిందని వేరే చెప్పక్కర్లేదు.

రాయి, గచ్చు సంగతి ఇంకా బావుంటుంది. ఐరోపాలో చర్చి బయటి బొమ్మల ముక్కూ చెవులూ పోవడానికి మంచు ఒక పెద్ద కారణం. రాతి సందుల్లో చేరిన నీళ్ళు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతాయి, లోపల్నుంచి రాయిని పగలగొడతాయి. మనకి గడ్డకట్టే చలి లేదు, ఉప్పు ఉంది. సముద్రపు గాలిలోని ఉప్పు వాన తడితో పాటు గోడలోకి ఇంకుతుంది. అక్టోబరు, నవంబరు తుఫానులు అయిపోయి గాలి పొడిబారగానే తడి ఆవిరై, ఉప్పు లోపల స్ఫటికాలు కడుతుంది. ఆ స్ఫటికాలు పై పొరని నెట్టేస్తాయి. అందుకే పండగ కోసం సున్నం వేసిన గోడ సంక్రాంతికల్లా పొలుసులు రాలుస్తుంది. సున్నపు గోడ మీద సిమెంటు పూసి ఉంటే తడి బయటికి పోయే దారి లేక మరీ త్వరగా ఊడుతుంది. భీమిలిలో డచ్చివాళ్ళ పాత సమాధుల దగ్గరికి వెళ్ళినా ఈ ఉప్పు పని మీకు కనిపిస్తుంది. డచ్చివాళ్ళు అక్కడికి 17వ శతాబ్దంలో వచ్చారు, 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. సముద్రం పక్కన అన్నేళ్ళుగా అక్షరాలు అరిగిపోతూనే ఉన్నాయి. మీ కథకి మంచు కురిపించాలని అంత మోజుగా ఉంటే, దేవదూత పాదాల దగ్గర పొద్దున్నే ఊడ్చే తెల్లటి ఉప్పుపొడి ఉంది, వాడుకోండి.

ఇక పట్టిక. గూడబాతు గురించి చెప్తాను, ఎందుకంటే అది మన జిల్లాల పక్షి. తన రొమ్మునే ముక్కుతో పొడుచుకుని రక్తంతో పిల్లల్ని బతికించుకుంటుందని ఐరోపా మధ్యయుగపు జంతువుల పుస్తకాల్లో రాశారు. అందుకని చర్చిల్లో అది క్రీస్తు త్యాగానికి గుర్తు. అసలు పక్షి అలాంటిదేమీ చెయ్యదు. గొంతు సంచిలో చేపలు తెస్తుంది, పిల్ల తన తలంతా తల్లి నోట్లోకి దూర్చి తింటుంది. దూరం నుంచి చూసినవాడికి పిల్ల తల్లినే తింటోందనిపిస్తే తప్పులేదు. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది కదా, చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు అక్కడ చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని చేస్తాయి. ఆ ఊరినుంచి వచ్చిన అమ్మాయి చర్చిలో ఆ చెక్కడం చూస్తే ఏమనుకుంటుంది? రక్తం, త్యాగం అనుకోదు. "మా ఊరికి పురిటికొచ్చే పిట్ట ఇక్కడెందుకుంది" అనుకుంటుంది. నాకు మీ కథ అక్కడ మొదలవ్వాలనిపిస్తుంది, కానీ రాసేది మీరు.

నోట్లోంచి ఆకులొచ్చే మొహం మన ఊళ్ళో నాకెక్కడా కనపడలేదు. ఐరోపాలో స్తంభాల తలల మీద, పైకప్పు దూలాలు కలిసేచోట ఉంటుంది. నెట్‌లో దీని గురించి ఢంకా బజాయించి చెప్తారు: క్రైస్తవానికి ముందునాటి అడవి దేవుడనీ, చలికాలంలో చచ్చి వసంతంలో లేస్తాడనీ. ఈ మొహాల్ని మే నెల పండగల్లో ఆకులు కప్పుకుని తిరిగే వేషాలతో ముడిపెట్టి గ్రీన్ మ్యాన్ అని పేరు పెట్టింది లేడీ రాగ్లన్, 1939లో ఇంగ్లండులో ఒక జానపద పత్రికలో రాసిన వ్యాసంలో. చెక్కినవాళ్ళు తమ ఉద్దేశం ఎక్కడా రాసిపెట్టలేదు. కాబట్టి మీ కథలో ఒక పాత్ర ఆ కథ నమ్మితే నమ్మనివ్వండి, కథకుడిగా మీరు మాత్రం సాక్షి సంతకం పెట్టొద్దు. గుళ్ళకి వెళ్ళే ఇంట్లో పెరిగిన పాత్రకి ఆ మొహం చూడగానే గుర్తొచ్చేది కీర్తిముఖం. ఆకలికి తన ఒళ్ళు తానే తినేసి, మొహం ఒక్కటీ మిగిలి, శివుడి ఆజ్ఞతో గుమ్మాల మీద నిలిచినవాడు. రెండూ ఒకటే అని నేననను. ఆ పాత్ర పొరబడటమే కథకి బలం.

ఐరోపా చెక్కడాల్లో నాకు అన్నిటికంటే నచ్చేవి నెలల పనులు, అంటే ఏ నెలలో మనుషులు చేసే పనిని ఆ నెలకి బొమ్మగా చెక్కినవి. ఫ్రాన్సులో ఆమియెన్ కెథడ్రల్ ముఖద్వారం దగ్గర 13వ శతాబ్దంలో చెక్కినవి ఉన్నాయి. ఫిబ్రవరి నెలకి ఒక మనిషి మంట దగ్గర కూర్చుని కాళ్ళు కాచుకుంటుంటాడు. దేవుడి ఇంటి గుమ్మంలో దేవుడు కాదు, చలికి వణికే రైతు. ఇలాంటి నెలల చెక్కడాల్లో డిసెంబరుకి పంది కోత కూడా చాలాచోట్ల కనిపిస్తుంది. మన పుష్యమాసాన్ని ఇలా చెక్కాలంటే ఏం చెక్కుతారు? నన్నడిగితే అరకు దారిలో పసుపుపచ్చగా విరిసిన వలిసెపూల చేను, తెల్లారకుండా ముగ్గుకి కళ్ళాపి చల్లే చెయ్యి, వలలు సర్దుకుంటూ చెవులకి తువ్వాలు చుట్టుకున్న జాలరి. ఎవరి జాబితా వాళ్ళు వేసుకోవచ్చు.

ఒక చిన్న మచ్చు రాసిస్తున్నాను, ఇలాగే రాయమని కాదు:

"కాపలా తాత దొండాకు ఈనెల్లో గుడ్డ దూర్చి తుడుస్తున్నాడు. వానల్లో బిగుసుకుపోయిన పలక ఇవాళ వేలు పెడితే కదిలింది. సందులోంచి పాత మైనం వాసన వచ్చింది. ఎండ ఇంకా మూడో బెంచీ దగ్గరే ఉంది. గుత్తి దాకా రావడానికి చాలా టైముంది, ఈలోగా ఒక బీడీ తాగిరావచ్చు."

ఇందులో చలి అన్న మాట లేదు, ప్రతీక అన్న మాటా లేదు. బీడీ మీద మా గుంపులో ఒకాయనకి అభ్యంతరం వచ్చింది, నేను తియ్యలేదు.

ఇంకో సంగతి. వన్‌టౌన్ కథ రాస్తూ చర్చి ఒక్కదాన్నే చూపిస్తే సగం ఊరే చూపించినట్టు. మార్గశిరం, క్రిస్మస్ ముందటి ఆగమన కాలం దాదాపు ఒకేసారి నడుస్తాయి. చర్చి గోడకి నక్షత్రం కడుతుంటే బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి పసుపు, పాలు పట్టుకుని జనం పోతుంటారు. ఆ అమ్మవారి గర్భాలయానికి పైకప్పు లేదు, విగ్రహానికి ఎడమచెయ్యి లేదు, భక్తులే స్వయంగా పూజ చేసుకుంటారు. ముక్కు పోయిన దేవదూతని చూసి "అయ్యో పాడైపోయింది" అనే పాత్రకి, చెయ్యి లేని అమ్మవారికి రోజూ మొక్కే అమ్మమ్మ ఉందనుకోండి. వాళ్ళిద్దరి మధ్య మాటలు ఎలా ఉంటాయో నాకు వినాలనుంది.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక కాపరిని అడిగి కాసేపు ఉండండి, కాదనరు. చెక్కడానికి ఫ్లాష్ కొట్టి ఫోటో తీస్తే ఏమీ రాదు. ఫోన్ టార్చి వెలిగించి గోడకి ఆనించినంత దగ్గరగా పక్కనుంచి పట్టండి, ఉలిగాట్లు అప్పుడు లేస్తాయి. మార్గశిర గురువారాలు మాత్రం మానుకోండి, ఆ రోజుల్లో బురుజుపేట వైపు ఆటో కదలదు.