చిన్నికి, డెక్కులు కొనే ముందు

చిన్నీ,

నువ్వు డీజే డెక్కులు, అదే పాటలు ఒకదాంట్లోకి ఒకటి కలుపుతూ వాయించే ప్లేయర్లు, కొంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ చెప్పడంలో సంబరమెంతో, బెంగెంతో నాకు అంతు పట్టలేదు. ఉద్యోగంలో చేరి ఏడాది తిరగలేదు, అప్పుడే సీడీజే-2000 నెక్సస్ అనే ఖరీదైన డెక్కుల జత, అదీ వాయిదాల మీద! డెక్కుల మాట వినగానే గర్వంగా అనిపించింది. మన ఇంట్లో ఆ పని మీ నాన్నతోనే ఆగిపోయిందనుకున్నాను. వాయిదాల మాట వినగానే మాత్రం నాకు టెన్షన్ మొదలైంది. వాయిస్ మెసేజ్ పెడదామనుకున్నాను గానీ, నువ్వు దాన్ని రెండింతల స్పీడులో వింటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. మధ్యరకం జత తీసుకో. మంచి స్థితిలో ఉన్న సీడీజే-850లు రెండు దొరికితే నీకు చాలు.

ఎందుకంటే నువ్వు వాయించబోయేది మీ నాన్న పెట్టెలో ఉన్న సీడీలు. ఈ సంగతి మర్చిపోయి అందరూ నీకు సలహాలు ఇస్తున్నారు. 2020లో వచ్చిన సీడీజే-3000కి అసలు సీడీ పెట్టే సందే లేదు. అంటే డిస్కు వాయించాలంటే వెనకటి మోడళ్ల దగ్గరికే వెళ్లాలి, అవి ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి. ఇక నెక్సస్‌కి ఎక్కువ డబ్బు ఎందుకు పోస్తారో చూడు. ఒకటి, సింక్: రెండు పాటల తాళం అదే కలిపేస్తుంది. రెండు, క్వాంటైజ్: నువ్వు కాస్త ముందూ వెనకా నొక్కినా బీటు మీదే పడుతుంది. మూడు, లింక్: ఒక్క పెన్ డ్రైవ్ పెడితే కేబుల్ మీద అన్ని డెక్కులూ అందులోంచే చదువుకుంటాయి. బాగానే ఉన్నాయి కదా! కానీ మొదటి రెండూ రికార్డ్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌లో ముందే లెక్క కట్టి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించిన పాటలకే పనిచేస్తాయి. మూడోది ఎలాగూ పెన్ డ్రైవ్ కోసమే. సీడీ పెట్టావంటే ఆ మూడూ నిద్రపోతాయి. నువ్వు వాయిదా కట్టేది నిద్రపోయే వాటికి.

క్లబ్బులో రోజూ వాయించేవాళ్లకైతే నెక్సస్ కొనమనే చెబుతాను. ఎక్కడికి వెళ్లినా దాదాపు అలాంటి రకమే ఉంటుంది, ఇంట్లో చెయ్యి అలవాటు చేసుకోవాలి. నువ్వేమో బెడ్‌రూమ్‌లో వాయిస్తానంటున్నావు. 850కి కూడా చేత్తో తిప్పే చక్రం పెద్దవాటికున్నంతే ఉంది, పాట స్పీడు మార్చే పిచ్ ఫేడర్ పొడుగ్గానే ఉంది, స్పీడు మార్చినా గొంతు మారకుండా పట్టి ఉంచే మాస్టర్ టెంపో ఉంది. పాటలో గుర్తుపెట్టుకున్న చోటికి ఒక్క నొక్కుతో దూకించే హాట్ క్యూ బటన్లు లేవు. అవి లేకుండానే చాలామంది బాగా వాయించారు.

పైగా మన పాటలతో ఆ సింక్‌కి ఒక చిక్కుంది. కంప్యూటర్ మీద కట్టిన హౌస్ రకం డాన్స్ పాట మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగం మీద నడుస్తుంది. పాత సినిమా పాటలో వాయించింది మనుషులు. పల్లవి దగ్గర ఒక వేగం ఉంటే చరణం దగ్గర కాస్త ఉరుకుతారు, మళ్లీ సర్దుకుంటారు. డప్పుల పాటలైతే చెప్పనే అక్కర్లేదు. పైగా తీన్మార్ నడక నాలుగు లెక్కలోకి సూటిగా రాదు, డెక్కు చూపించే బీపీఎం, అంటే నిమిషానికి ఎన్ని బీట్లో చెప్పే అంకె, ఒక్కోసారి ఎటో పోతుంది. ఆ పెట్టెలో కవర్ల మీద పెన్నుతో అంకెలు ఉంటాయి చూడు, అవి మీ నాన్న చేతి గడియారం పెట్టుకుని లెక్కపెట్టినవి. పల్లవికొకటి, చరణానికొకటి అని రెండంకెలు రాసినవి కూడా ఉంటాయి. మిషన్ కంటే వాటినే నమ్ము.

ఇప్పుడు మీ నాన్న నీకు చెప్పి ఉండని సంగతి చెబుతాను. చెప్పానని తిడితే నేను పడతాను.

నేనూ బావా, అదే మీ నాన్నా, కలిసి రాజమండ్రిలో సౌండ్ సర్వీస్ నడిపిన రోజుల్లో మా దగ్గర ఒక మామూలు జత ఉండేది. చిన్న చక్రాలు. చక్రం తిప్పితే పాట కాస్త ముందుకో వెనక్కో జరిగేది, అంతకు మించి ఏమీ చేసేది కాదు. వాటి మీద బావ చెయ్యి ఎంతలా కుదిరిందంటే, ఒక చెవికి హెడ్‌ఫోన్ నొక్కిపెట్టి, ఇంకో చేత్తో టీ తాగుతూ పాట కలిపేవాడు. అప్పుడే మా వైపు పెద్ద డెక్కులు రావడం మొదలైంది. పైన చెయ్యి పెడితే రికార్డు ప్లేటు పట్టుకున్నట్టు పాట ఆగుతుంది, వదిలితే నడుస్తుంది. కంపెనీ పేరు నీకు అనవసరం, తప్పు దానిది కాదు. బావ ఒక పెళ్లిలో ఎవరో వాయిస్తుంటే చూశాడు, ఇక మనిషి మనిషిలా లేడు. ఆ సీజన్ ముందు మా జతని, పైన కొంత డబ్బుని ఇచ్చేసి ఒక పెద్ద డెక్కు తెచ్చాడు. ఒకటే! రెండోది సంక్రాంతి తర్వాత అన్నాడు. అప్పటిదాకా ఇంకొక చిన్న డెక్కు అద్దెకి తెచ్చి పక్కన పెట్టుకున్నాం.

ఎడమ చేతి కింద ఒక రకం, కుడి చేతి కింద ఇంకో రకం. ఇంటి దగ్గర ప్రాక్టీసులో అంతా బాగానే ఉండేది. తణుకులో రిసెప్షన్. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ స్టేజీ మెట్లెక్కుతున్నారు. బావ పెద్ద డెక్కు మీద కొత్త పాట తెచ్చాడు. మిక్సర్ మీద రెండు పాటల సౌండు ఫేడర్లూ పైనే ఉన్నాయి, కొత్త పాట వెంట్రుకవాసి వెనకబడింది. పాత అలవాటు కొద్దీ చక్రం మీద వేలుపెట్టి కాస్త తోశాడు. చిన్న డెక్కయితే పాట ముందుకి జరిగేది. ఇది పెద్దది కదా, టక్కున ఆగిపోయింది. కంగారులో వేలు తీశాడు, పాట అడ్డదిడ్డంగా మీద పడింది. దాన్ని కిందికి లాగబోయి రెండో ఫేడర్ లాగేశాడు. ఇంకో క్షణంలో రెండూ పోయాయి. అంత పెద్ద షామియానాలో జనరేటర్ చప్పుడు ఒక్కటే వినబడింది. మెట్టు మీద కాలు పెట్టినవాళ్లు అలాగే నిలబడి మా వైపు చూశారు.

పెళ్లివారు ఏమీ అనలేదు. డబ్బులు కూడా పూర్తిగా ఇచ్చారు. నాలుగు తిట్లు తిట్టి సగం కోసేసినా బావ తట్టుకునేవాడేమో.

అక్కడితో ఆగితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. డెక్కు ఒక్కటే ఉండటం వల్ల ఇలా అయిందని, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసి రెండోది తెచ్చాడు. జత అయితే కుదిరింది గానీ, చెయ్యి కుదరడానికి టైమ్ ఏది? వడ్డీ కట్టాలంటే వచ్చిన ప్రతి ప్రోగ్రామూ ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ప్రాక్టీసు లేదు. వేసవి అయ్యేసరికి బేస్ బాక్సులు అమ్మాం. డెక్కులేమో అద్దంలా ఉన్నాయి, వాటికి తగిలించడానికి సౌండే లేదు. ఆ తర్వాత బావ హైదరాబాద్ ఉద్యోగానికి వెళ్లిపోయాడు. నువ్వు అక్కడే పుట్టావు కాబట్టి దాన్ని నష్టం అని నేను అనను.

ఖరీదైనది కొన్నందుకు నేను బావని తప్పు పట్టను. చేతికి కుదిరిన జతని వదులుకున్నాడు, దానికి అప్పు తోడు చేశాడు. నువ్వు ఏ రకం కొన్నా సరే, రెండూ ఒకటే మోడల్ కొను. చేతిలో ఉన్న డబ్బుతోనే కొను. ఈ రెండు మాటల దగ్గర నేను తగ్గను. మధ్యరకం జతకి కూడా డబ్బు చాలకపోతే ఆరు నెలలు ఆగు, డిస్కులు ఎక్కడికీ పారిపోవు.

సెకండ్ హ్యాండ్ చూడటానికి వెళ్లినప్పుడు కొత్త సీడీ తీసుకెళ్లకు. పెట్టెలోంచి కంప్యూటర్లో రాసిన (బర్న్ చేసిన) పాత డిస్కు ఒకటి తీసుకెళ్లు. లెన్సు అలిసిపోతే కంపెనీలో అచ్చేసిన సీడీని చదువుతుంది గానీ, రాసిన డిస్కు దగ్గర తడుముకుంటుంది. చివరి పాటకి ఒక్కసారి దూకించి చూడు. పిచ్ ఫేడర్ ముట్టుకోకుండా ఒక నిమిషం అంకె చూడు, దానంతటదే అటూ ఇటూ గెంతితే ఫేడర్ పోయినట్టే. ప్లే, క్యూ బటన్లు యాభై సార్లు నొక్కు, అమ్మేవాడు మొహం చిట్లించినా సరే. వెనకాల చీటీ చదువు. జపాన్ సరుకైతే 100 వోల్టులు, అమెరికాదైతే 120 అని ఉండొచ్చు. మన 230లో పెట్టావో, ఇంటికొచ్చిన రోజే పొగ. స్టిక్కర్ అంటించిన డిస్కులు మాత్రం సందులో పెట్టకు, లోపల ఊడి ఇరుక్కుంటాయి.

మిక్సర్, స్పీకర్ల గురించి తర్వాత మాట్లాడుకుందాం. హెడ్‌ఫోన్ మాత్రం మంచిది కొనుక్కో.

కొన్న తర్వాత ఒకే పాట రెండు డిస్కుల మీద రాసుకుని రెండింట్లో పెట్టు. ఒకదాని స్పీడు ఎంతో కొంత మార్చేసి, అంకెలు కనపడకుండా డిస్‌ప్లే మీద కాగితం అంటించు. చెవితోనే రెండోదాన్ని కలుపు. 126 బీపీఎం నుంచి 128కి వెళ్లాలంటే ఫేడర్ ఒకటిన్నర శాతం పైచిలుకు జరగాలి. ఆ దూరం నీ వేలికి తెలియాలి. విసుగొస్తుంది. వచ్చినా మానకు.

చెవుల సంగతి రాయకపోతే నాకు నిద్రపట్టదు. నా ఎడమ చెవిలో రాత్రిపూట ఒక కీచురాయి కూస్తూనే ఉంటుంది, మీ అత్తకి కూడా ఆ సంగతి పూర్తిగా చెప్పలేదు. హెడ్‌ఫోన్ ఎప్పుడూ ఆ చెవికే పెట్టేవాణ్ణి. 85 డెసిబెల్స్ అయితే రోజుకి ఎనిమిది గంటలు వినొచ్చంటారు. ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైమ్ సగం అవుతుంది. లెక్క వేసుకుంటే 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది పావుగంట. రెండు పాటలు కలిసేటప్పుడు హెడ్‌ఫోన్‌లో సౌండు పెంచాలనిపిస్తుంది. పెంచకు, బయటి స్పీకర్ తగ్గించు. చెవులు మార్చి మార్చి పెట్టుకో. ఆఫీసులో ఇయర్‌ఫోన్స్, ఇంట్లో హెడ్‌ఫోన్స్ అంటే ఊరుకోను. రాత్రి పది దాటాక బేస్ పూర్తిగా తీసెయ్, కింది ఫ్లాటువాళ్లు మీ అమ్మనే అడుగుతారు.

నువ్వు వాయిస్తుంటే మీ నాన్న గుమ్మం దగ్గర నిలబడతాడు, నాకు తెలుసు. మొదటి నెల లోపలికి రానివ్వకు, అన్నీ తనే చేసి చూపించేస్తాడు. ఆ తర్వాత పిలువు. పెద్ద డెక్కు మీద వేలు ఎక్కడ పెట్టకూడదో ఆయనకంటే బాగా చెప్పేవాళ్లు నీకు దొరకరు.

బేరం కుదిరితే డబ్బు ఇవ్వకముందే నాకు వీడియో కాల్ చెయ్. ఆ అమ్మేవాడితో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మామయ్య