కొండ గడ్డికి అగ్గి పెట్టే ముందు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

టొరంటో హై పార్కులో నగరపాలక సంస్థ వాళ్లే గడ్డికి నిప్పు పెడుతున్న వీడియో పంపి, మన పార్కు వెనక కొండ వాలు మీద కూడా ఇలా చేయొచ్చా అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

అక్కడ వాళ్లు చేసేది సరైన పనే. అవి బ్లాక్ ఓక్ చెట్లు. బెరడు మందం, వేళ్లు లోతు, మంటకు అలవాటుపడిన జాతి. చలి తగ్గి చెట్టు ఆకు వేసేలోపు నేల మీద సన్నటి మంట పాకిస్తే ఎండుగడ్డి, కొత్తగా చొరబడ్డ పొదలు పోయి ఓక్ మొలకలకు ఎండ తగులుతుంది. తేదీ కూడా నెల ముందు చెప్పరు. గాలి, తేమ కుదిరాకే ఒకటి రెండు రోజుల ముందు చెబుతారు. ఆ ఓపిక మాత్రం మనం తప్పకుండా నేర్చుకోవాలి.

మన బెజవాడ కొండల సంగతి వేరు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి ఉంది చూడు, వేలెడు లావు మొక్క ఒక్క మంటకే మాడిపోతుంది. లంటానా కంప, సర్కారు తుమ్మ కాలినా మొదట్లోంచి మళ్లీ చిగురిస్తాయి. పోవాలనుకున్నది బతుకుతుంది, బతకాలనుకున్నది పోతుంది. పైగా మన కొండలకు అంచు దాకా ఇళ్లే. అందుకే వాలంతా కాల్చే ఆలోచన మానుకో తల్లీ. ఏప్రిల్, మే నెలల్లో కార్చిచ్చు ఇళ్ల మీదికి దిగకుండా అంచు వెంట ఒక పట్టీ కాలిస్తే చాలు. అటవీ శాఖలో మేం ఫైర్ లైన్ అనేది దాన్నే. రిజర్వ్ ఫారెస్ట్ హద్దు లోపలైతే అది అటవీ శాఖ చేయాల్సిన పని, 1967 అటవీ చట్టం ప్రకారం ఇంకెవరు నిప్పు పెట్టినా నేరం. బయటైనా సరే, రాసిచ్చిన అనుమతి, పక్కన ఫైరింజన్ లేకుండా అగ్గిపుల్ల గీయొద్దు.

సంక్రాంతి దాటాక గడ్డి ఎండుతుంది. మరీ పెళుసెక్కకముందే, ఫిబ్రవరిలో పొద్దున్నే మంచు ఆరగానే పని మొదలుపెట్టాలి. కాల్చే పట్టీకి రెండు వైపులా మట్టి కనిపించేలా చెక్కించు. సీసాలు, కవర్లు ఏరించు, ప్లాస్టిక్ పొగ కింద ఇళ్లలోని పసిపిల్లలు పీల్చకూడదు. మనుషుల్ని వరసగా నడిపించి కముజు పిట్టల్ని, ఉడుముల్ని అవతలికి తోలించు. మిర్చి రైతులు మందు కొట్టే తైవాన్ పంపులు రెండు తెప్పించుకో, మందు వాసన పోయేదాకా కడిగించాకే నీళ్లు నింపు. అందరికీ నూలు బట్టలే ఉండాలి, నైలాన్ ఒంటికి అంటుకుపోతుంది.

ముందు చాపంత మేర అంటించి పొగ ఎటు పోతుందో చూడు. ఇళ్ల వైపు తిరిగితే ఆ రోజుకి ఆపేయ్. మంట ఎప్పుడూ గాలికి ఎదురుగా, వాలు మీద పైనుంచి కిందికి దిగాలి. కింద అంటిస్తే పైగడ్డి ముందే వేడెక్కి గుప్పుమంటుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపవుతుంది.

అసలు భయం మంట ఆరాకే. నేను కొత్తగా డ్యూటీలో చేరిన ఏడాది ఒక రోజు పదకొండింటికల్లా లైన్ కాల్చేసి, నల్లగా ఆరింది కదా అని భోజనాలకు దిగాం. వాలు మీద ఎండిన పేడకడి ఒకటి ఉంది. పైకి బూడిద రంగు, లోపల నిప్పు. సాయంత్రం పైరగాలి లేచాక అది విరిగి, దొర్లి చెక్కిన గీత దాటింది. మేం పరుగెత్తుకెళ్లేసరికి మూడేళ్లు పెంచిన తెల్లపొణికి మొక్కలు ఆకులు ముడుచుకుని నిలబడి ఉన్నాయి. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది.

అందుకని ప్రతి పేడకడినీ, మొద్దునీ కర్రతో విరగ్గొట్టి నీళ్లు పోయించు. మోకాళ్ల మీద కూర్చుని మణికట్టు వెనక భాగం బూడిదకు దగ్గరగా పెట్టి చూడు, వేడి తెలుస్తుంది. రాత్రికి ఇద్దరిని కాపలా ఉంచు. మర్నాడు మధ్యాహ్నం ఎండలో మళ్లీ ఒకసారి లైన్ పొడవునా నడువు.

ఈ ఆదివారం ఆరింటికి పార్కు గేటు దగ్గర ఉంటాను. బూట్లు వేసుకురా, గీత ఎక్కడ పడాలో నడిచి చూపిస్తాను.

నీ పెదనాన్న