సద్దుల నాటికి నువ్వు అలసిపోవద్దు బిడ్డా

బిడ్డా,

మొన్న వినాయక చవితి తెల్లారి నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇంట్ల చుట్టాలున్నరు, నేను సరిగ్గ మాట్లాడలేకపోయిన. "పెద్దమ్మా, పండుగొస్తుందంటె భయమైతుంది" అన్నవ్ చూడు, ఆ మాట అప్పటి నుంచి నా చెవుల్లనే తిరుగుతుంది. పొద్దున లేచి పిల్లలకు టిఫిన్ డబ్బాలు కట్టి, ఆఫీసుకు పోయి, రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చి మళ్ళ పత్రి ఏది ఉండ్రాళ్ళ పిండి ఏది అని ఉరుకుతుంటె భయం కాక ఏమైతది. బతుకమ్మకు ఇంక ఇరవై రోజులు కూడ లేదు, అందుకే ఫోన్ల చెప్పి ఊకోకుండ కూసొని రాస్తున్న, నీకు వీలున్నప్పుడు రెండు మూడు సార్లు చదువుకో.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలె. మేము వారాసిగూడల కిరాయింట్ల ఉన్నప్పుడు మీ అక్కకు ఏడేండ్లు. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు మా అత్తమ్మ ఊరి నుంచి వచ్చింది, నేను అన్నీ తప్పు లేకుండ చెయ్యాలని పంతం పట్టిన, ఐదు సద్దులు, రొట్టె బెల్లం కలిపి చేసే మలీద, మళ్ళ వచ్చినోళ్ళకు గారెలు, పొద్దుగాల నాలుగింటికి స్టవ్ ముట్టించిన. సాయంత్రం బస్తీ ఆడోళ్ళంత బతుకమ్మలు ఎత్తుకొని పిలిస్తె "మీరు నడువుండ్రి నేనొస్త" అన్న, అన్నదాన్ని గంజులు తోముకుంట అట్లనే ఉండిపోయిన. పక్కింటామె నా బిడ్డను, నా బతుకమ్మను తీస్కపోయింది. వాళ్ళొచ్చేసరికి నేను వంటింట్లనే గోడకు ఒరిగి నిద్రపోయిన. తెల్లారి జడ వేస్తుంటె మీ అక్క అడిగింది, "అమ్మా, నీకు బతుకమ్మ ఆడస్తదా?" అని. ఎగతాళి కాదు బిడ్డా, నిజంగనే అడిగింది, దానికి తెల్వదు. నేను చిన్నప్పుడు ఊర్ల అందరికంటె ముందుండి పాట అందుకునేదాన్ని, నా కడుపున పుట్టిన పిల్లకు ఆ సంగతే తెల్వకుండ పోయింది. అప్పుడు నిర్ణయం చేసుకున్న, ఏ పండుగైన సరే వంట సగమైన ఫర్వాలేదు, ఆటకు మాత్రం నేను ఉండాలె అని.

కాబట్టి ఈ బతుకమ్మకు నువ్వు గిట్ల చెయ్. తొమ్మిది రోజులు తొమ్మిది నైవేద్యాలు అని లెక్కేసుకొని దిగులు పడకు. ఎంగిలిపూల నాడు చిన్న బతుకమ్మ చాలు. అటుకుల నాడు అటుకుల్ల బెల్లం కలిపితె అయిపోయె, ముద్దపప్పు ఎట్లైన పిల్లలు తినేదే, నానబియ్యం నాడు నానిన బియ్యంల పాలు బెల్లం, అట్ల బతుకమ్మ నాడు అట్లు అంటె ఆ రోజు పొద్దుటి టిఫిన్ అదే చేసెయ్. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మ పేర్చరు, ఆడరు, నైవేద్యం లేదు. మన పెద్దోళ్ళే ఒక రోజు సెలవు పెట్టిండ్రు గదా, ఆ రోజు వంట సుత బయట తెప్పించుకో, నువ్వు మంచిగ పండుకో, ఎవరన్న ఏమన్న అంటె నా పేరు చెప్పు. తర్వాత వేపకాయలు, వెన్నముద్దలు రెండు రోజులు చిన్న చిన్నగ గడిచిపోతయి. నీ బలమంత ఆఖరి సద్దుల రోజుకే దాచిపెట్టుకో.

సద్దుల సంగతి చెప్త, ఇది జాగ్రత్తగ విను. ఐదు సద్దులు అంటె ఐదు వంటలు కాదు, అన్నం ఒక్కటే, అండ్ల నువ్వులు, చింతపండు, నిమ్మకాయ, కొబ్బరి, పెరుగు కలుపుడే వేరు. మధ్యాహ్నం రెండింటికి అన్నం పలుకుపలుకుగ వండి వెడల్పు తాంబాలంల పరిచి జర నూనె పసుపు వేసి చల్లారనియ్, పెరుగు సద్దికి మాత్రం పసుపు తగలకముందే పక్కకు తీసి పెట్టు. నువ్వుల పొడి వారం ముందే వేయించి కొట్టి డబ్బాల పెట్టుకో. చింతపండు పులుసు ముందు రోజు రాత్రే ఉడికించి పెడ్తె ఇంక రుచిగ ఉంటది. కొబ్బరి ఆ రోజు తురుముకుంటె మంచిది, ఫ్రిజ్ల పెట్టిన తురుము వాసన మారిపోతది. పోపు నాలుగు సార్లు వెయ్యకు, ఒక్కసారి పెద్ద గంటెడు ఆవాలు, శెనగపప్పు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేయించి పంచుకో. గంటన్నరల అయిపోతది, నేను గడియారం పెట్టుకొని చూసిన. మలీద మీ అత్తమ్మకు అప్పజెప్పు. "అత్తమ్మా, మీ చేతి మలీద పిల్లలకు మస్తు ఇష్టం" అని వారం ముందే చెప్పు, ఆమె సంబురంగ చేస్తది, నీకు ఒక పని తగ్గుతది, మాట కూడ కలుస్తది. నేను మా అత్తమ్మను ఎన్నడు అడగలే, అంత నేనే చేసి చూపియ్యాలనుకున్న, ఆమెకేమో నేను ఆమెను పక్కకు పెట్టిన అనిపించిందట, ఆమె పోయినంక మా ఆడబిడ్డ చెప్తె తెలిసింది. అది ఇప్పటికి బాధనే నాకు.

పూల పని పిల్లలది. గునుగు పూలు, తంగేడు మార్కెట్ల పల్లెల నుంచి వచ్చే ఆడోళ్ళు తెస్తరు, బంతి చామంతి మాత్రం గుడిమల్కాపూర్ పూల మార్కెట్ల రెండు రోజుల ముందే తెచ్చుకుంటె మంచిది, సద్దుల పొద్దున పోతె రేటు చెప్పరానంత ఉంటది. బంతిపూలు నీళ్ళు చిలకరించి తడిబట్టల చుట్టి పెడ్తె ఆగుతయి, తంగేడు మాత్రం ఆగదు, వాడి రాలిపోతది, అది ఆ రోజే. గునుగుకు రంగులద్దే పని పెద్దోడికి చెప్పు, పాత బట్టలు వేసి బాల్కనీల కూసోబెట్టు, గోడలకు పేపర్ అంటించు. కింద గుమ్మడాకులో ఆముదం ఆకులో పరిచి, తంగేడుతోని మొదటి వరుస పెట్టి, గునుగు కాడలు ఒక కొలతగ కత్తిరించి గుండ్రంగ పేర్చుకుంట రావాలె, నడుమ ఖాళీల ఆకుల తుంపులు, ఆ కత్తిరించిన కాడలు నింపితె ఒరగదు. చాలామందికి అక్కడే ఒరుగుతది, పై వరుసల మీద సోకు పెట్టి లోపల నింపరు. మీద గుమ్మడి పువ్వుల పసుపు గౌరమ్మ. చిన్నదాని చేత పసుపు ముద్ద చేపియ్, చేతులు పచ్చగైతె కానియ్, బడికి సెలవులే గదా.

ఇంక మొత్తం ఏడాది మాట. నేను నలభై ఏండ్లుగ ఒక పని చేస్తున్న, గోడకు తేలాడే తెలుగు క్యాలెండర్ డిసెంబర్ల పారెయ్య. ఆ గడులల్ల పెన్నుతోని రాసుకుంట, "సంక్రాంతి సకినాలు 2 కిలోల బియ్యం, మిగిలినయ్, వచ్చేసారి కిలోన్నర", "దసరాకు నూనె 3 లీటర్లు", "చిన్నోడికి ఈ వారమే జ్వరం", "బట్టలు కుట్టేటామెకు 20 రోజుల ముందు ఇయ్యాలె". కొత్త క్యాలెండర్ వచ్చినంక పాతదాన్ని పక్కన పెట్టుకొని ఒక్కో పండుగకు పది రోజుల ముందు గడిల గుర్తు పెట్టుకుంట. పండుగ ఆ రోజు మీద పడదు బిడ్డా, పది రోజుల ముందు నుంచే చిన్నచిన్నగ వస్తది, మనం చూడక ఒక్కసారి మీద పడ్డట్టు అనిపిస్తది. నువ్వు ఫోన్ల రాసుకుంట అంటవ్, రాసుకో, కాని గోడ మీద ఉంటె మీ ఆయనకు, పిల్లలకు కూడ కనబడ్తది. అదే అసలు లాభం.

మీ ఆయన గురించి ఒక మాట. "జర హెల్ప్ చెయ్యుండ్రి" అనకు, ఆ మాటతోని ఏ మగాడు లేవడు. పని పేరు చెప్పి మొత్తం ఇచ్చెయ్. ఉదాహరణకు ఇంట్ల నీళ్ళు నిలిచే చోట్లు అన్నీ ఆయనవే, కూలర్, పూలకుండీల కింది పళ్ళాలు, టెర్రస్ మీద పాత టైర్లు, అన్నీ వారానికి ఒకసారి వంచి రుద్ది కడగాలె. డెంగీ దోమ మంచినీళ్ళల్లనే గుడ్లు పెడ్తది, పొద్దంత కుడ్తది, గుడ్డు దోమయ్యేసరికి వారం పది రోజులు పడ్తది, కాబట్టి వారానికోసారి పారబోస్తె అది పుట్టనే పుట్టదు. ఊరికె పారబోస్తె సరిపోదు, గుడ్లు గోడకు అంటుకుంటయి, బ్రష్షు పెట్టి రుద్దాలె. మా పెద్దోడికి ఒక వానాకాలం డెంగీ వచ్చి, ఒక ఆస్పత్రిల ఐదు రాత్రులు కుర్చీల కూసున్న, అప్పటి నుంచి ఈ ఒక్క విషయంల నేను ఎవ్వరి మాట వినను. జూన్ నుంచి అక్టోబర్ దాకా శుక్రవారం శుక్రవారం ఆయన చెయ్యాల్సిందే.

సంక్రాంతికి అరిసెలు కొనుక్కో, బెల్లం పాకం చూసుకునే ఓపిక నీకిప్పుడు లేదు. సకినాలు మాత్రం ఇంట్లనే చెయ్, పిల్లలతోని. బియ్యం ఒక రాత్రి నానబెట్టి, వడకట్టి, తడి మీదనే గిర్నిల పట్టియ్యాలె. వాము, నువ్వులు, ఉప్పు, జర నీళ్ళు. పొడిపిండి అయితె నూనెల పేలుతది, కండ్లకు పిల్లలకు డేంజర్, అందుకే దుకాణంల పొడి బియ్యప్పిండి తెచ్చి చెయ్యకు. తెల్ల పంచె పరిచి దాని మీద వేళ్ళతోని తిప్పుకుంట చుట్లు వెయ్యాలె, మొదట్ల తెగుతయి, తెగనియ్. గుడ్డ నీళ్ళు గుంజుకునేదాక ఆగు, అప్పుడు అట్లకాడతోని తీస్తె ఇరగకుండ లేస్తది. కాల్చే పని నువ్వు, చుట్టే పని వాళ్ళు. ఆ సెలవులల్లనే నుమాయిష్ ఎగ్జిబిషన్ కూడ, జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటది గదా నాంపల్లిల, ఆదివారం పోకు, మామూలు రోజు మెట్రోల గాంధీభవన్ల దిగి పో, పిల్లల జేబుల నీ నంబర్ రాసిన చీటీ పెట్టు. 1938ల మొదలైన నుమాయిష్ అది, మా నాయన భుజాల మీద ఎక్కి నేను చూసిన.

ఉగాదికి పచ్చడి తప్ప ఇంకేం పెట్టుకోకు, అప్పటికి ఒంటిపూట బళ్ళు మొదలై పిల్లలు మధ్యాహ్నం ఇంట్లనే ఉంటరు, ఆ మూడు గంటల సంగతి చూసుకుంటె చాలు. ఆవకాయ పెద్ద జాడీ నేను పెడ్త, నీకు పంపిస్త. ఎండాకాలం నీ వంతు కుండ నీళ్ళు, ముంజలు, సాయంత్రం నాలుగు దాటితె తప్ప బయటికి పంపకపోవుడు. రంజాన్ కు మీ పక్కింటి బేగం గారు షీర్ ఖుర్మా పంపిస్తె గిన్నె ఖాళీగ తిరిగి ఇయ్యకు, ఇంట్ల చేసిన తీపో గారెలో ఏదో ఒకటి వేసి పంపు, మన దిక్కు అట్లనే నడుస్తది. బోనాలకు గోల్కొండ, సికింద్రాబాద్, లాల్ దర్వాజ అని మూడు చోట్ల తిరగాల్సిన పని లేదు చిన్న పిల్లలతోని, మీ బస్తీ గుడికి బోనం ఎత్తుకో, చిన్నదాని చేతికి వేపాకు మండ ఇయ్, అమ్మవారు అక్కడ కూడ ఉంటది.

ఇంకొకటి మర్చిపోయిన. పండుగ రోజు నువ్వు అందరికంటె ఆఖరికి తినుడు మానెయ్. పిల్లలతోని ఒకే పంక్తిల కూసో, మీ ఆయనను వడ్డించమను. చల్లారిన అన్నం తినుకుంట పెరిగిన ఆడోళ్ళం మేము, నువ్వు కావొద్దు.

సద్దుల నాడు నేను మధ్యాహ్నం మూడింటికి వచ్చేస్త, గునుగు పూలు రెండు సంచులు నేనే తెస్త, మోండా మార్కెట్ల నాకు తెలిసినామె ఉంది. గంజులు సింకుల అట్లనే ఉండనియ్, రాత్రి ఇద్దరం తోముకుందం. ఆరున్నరకల్ల చీర కట్టుకొని రెడీగ ఉండు, మీ అపార్ట్‌మెంట్ కింద నలుగురు ఆడోళ్ళు లేకున్నా మనిద్దరం చాలు, పిల్లలను నడుమ నిలబెడ్దం. పాట నేను అందుకుంట, నువ్వు వెనకాల అను, మర్చిపోయిన అని చెప్పకు, నీకు నేర్పించింది నేనే.

ఇట్లు
మీ పెద్దమ్మ