‘థ’ కడుపులో చుక్క

చి. మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి గుంటూరులో తెలుగు అక్షర రూపకల్పన నేర్పబోతున్నావని అక్కయ్య నిన్న ఫోనులో చెప్పింది. నాతో ముందుగా ఒక్క మాట అనలేదేమని కోపం వచ్చింది. ఆ కోపం గంట కూడా నిలవలేదు. రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. జీతం పోతుందన్న దిగులు మీ అమ్మది. నా దిగులు వేరు.

అక్షరాలకు కంప్యూటర్ సంకేతాలిచ్చే యూనికోడ్, ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్ సంగతులు నాకంటే నీకే బాగా తెలుసు. పిల్లలకు ‘స్త్రీ’ని విడదీసి చూపించు: కంప్యూటర్ దాచుకునేవి ఆరు సంకేతాలు, కంటికి కనిపించేది ఒక్క అక్షరం. అలా కూర్చేది ఫాంటే. పంక్తుల మధ్య ఎడాన్ని ‘కల’తో కాదు, కింద ఒత్తులు వేలాడే ‘రాష్ట్రం’తో కొలవమను. ఒకరోజు అమరావతి మ్యూజియంలో రాతిమీది, మన లిపికి మూలమైన బ్రాహ్మీ అక్షరాలు చూపించి, తలకట్టు ఎక్కడుందో వెతకమను.

ఇక అసలు విషయం. 1990ల మొదట్లో ఒక రాత్రిబడి వాచకానికి నన్ను అక్షరాలు రాయమన్నారు. గవర్నరుపేటలోని మా గదిలో ఒక్కో అక్షరాన్నీ నాలుగంగుళాల ఎత్తున గీశాను. ‘థ’ కడుపులో చుక్క ముత్యంలా కుదిరిందని మురిసిపోయాను. దాన్ని కెమెరాతో కుదించి, ఆఫ్‌సెట్‌లో నాసిరకం కాగితం మీద అచ్చువేశారు. సిరా పాకి చుక్క అంచుకు అంటుకుపోయింది. ‘కథ’ అన్న మాటలో రెండో అక్షరం నల్లటి ముద్దగా మిగిలింది. నేను చూసుకోలేదు. గోడకు తగిలించిన పెద్ద బొమ్మనే చూస్తూ కూర్చున్నాను.

పుస్తకం ఎలా ఉందో చూద్దామని రాత్రిబడికి వెళ్ళాను. పొలం పని ముగించుకుని వచ్చిన ఒక పెద్దావిడ ఆ మాట దగ్గర ఆగింది. పుస్తకాన్ని లాంతరుకు దగ్గరగా జరిపింది, దూరంగా పట్టుకుంది. చివరికి, “నా కళ్ళు పోయాయి నాయనా, ఈ వయసులో నాకు చదువెందుకు” అని మూసేసింది. నేనూ కళ్ళదే లోపమనుకుని, కళ్ళద్దాలు పెట్టించుకోమని చెప్పి వచ్చాను! వారం తరువాత భూతద్దంతో చూస్తే గాని తప్పు నాదని తెలియలేదు. పరుగెత్తుకుని వెళ్ళాను. ఆమె బడి మానేసింది. మళ్ళీ రాలేదు.

అందుకే చెబుతున్నాను, విను. నీ విద్యార్థులు తెర మీద అరచేయంత అక్షరం చూసి మురిసిపోతే ఊరుకోకు. మొదటి వారంలోనే చవక కాగితం మీద, చదివే సైజులో అచ్చు తీయించు. ‘అర్థం’, ‘అర్ధం’ పక్కపక్కన పెట్టించు. చదవడం కొత్తగా నేర్చుకుంటున్నవారి పక్కన వాళ్ళను కూర్చోబెట్టు. చదివేవారు తడబడితే వారి కళ్ళను అనుమానించవద్దని చెప్పు.

కఠినంగా రాశానని చిన్నబుచ్చుకోకు తల్లీ. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని పలక మీద ‘ఈ’ దిద్దలేక ఏడ్చినదానివి, ఈనాడు అక్షరాలు గీయడమే నేర్పబోతున్నావు.

ఆ వాచకం ఇంకా నా బీరువాలోనే ఉంది. ఆదివారం వచ్చి తీసుకెళ్ళు. మొదటి తరగతి అయ్యాక, ఎంత పొద్దుపోయినా ఫోను చెయ్యి. మేలుకునే ఉంటాను.

మావయ్య,
విజయవాడ